పొద్దు వాలేలోపు ఒడ్డుకు

మీ ఊరికి సముద్రం ఎంత దూరం? అనకాపల్లిలో బయల్దేరి అచ్యుతాపురం మీదుగా వెళ్తే పూడిమడక ఎంతో దూరం కాదు. ముత్యాలమ్మపాలెం, తంతడి, రేవుపోలవరం, ఇంకాస్త కిందికి పెంటకోట. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడ్డాక ఇదంతా మన జిల్లా తీరమే. మరి ఆ సముద్రంలోకి మీరు ఎంతవరకు వెళ్ళారు? పాదాలు తడుపుకున్నారు, పిల్లల చేత ఇసుక గూళ్ళు కట్టించారు, మొక్కజొన్న పొత్తు తిని ఇంటికొచ్చేశారు. అంతేనా?

అంతే అయితే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సముద్రం అంటే మీకున్న భయానికి కారణాలున్నాయి. 2022 జూలైలో పూడిమడక తీరంలో స్నానానికి దిగిన అనకాపల్లి ఇంజనీరింగ్ విద్యార్థులను కెరటాలు లాక్కుపోయాయి. ఆ ఇళ్ళ దుఃఖం ఈ జిల్లా ఇంకా మరచిపోలేదు. కాబట్టి "భయపడకండి" అని నేను చెప్పను. ఆ భయాన్ని ప్రశ్నలుగా మార్చుకోండి అంటాను. గాలి ఎటు వీస్తోంది? గైడు ఎవరు? తిరిగి వచ్చేది ఎన్ని గంటలకు? ఈ ప్రశ్నలకు జవాబులు దొరికాక మీ కాళ్ళ కింద బోర్డు, చేతిలో తెడ్డు, ఎదురుగా కొండల వెనక్కి దిగుతున్న సూర్యుడు ఉంటే, ఆ సాయంత్రం మీ సొంతం.

ఈ అధ్యాయం అలాంటి ఒక సాయంత్రం కోసం.

ఏమిటిది? ఎవరు చేయగలరు?

పాడిల్ బోర్డు సుమారు పది, పదకొండు అడుగుల పొడవు, ముప్పై రెండు అంగుళాల అటూ ఇటూ వెడల్పు ఉండే తేలే పలక. దాని మీద నిలబడి పొడవాటి తెడ్డుతో నీటిని వెనక్కి తోస్తూ ముందుకు సాగుతారు. ఈ ఆట హవాయి దీవుల నుంచి ప్రపంచమంతా పాకింది. కానీ తెప్ప మీద నిలబడి తెడ్డు వేయడం మన తీరానికి కొత్తదేమీ కాదు. దుంగలు కలిపి కట్టిన తెప్పల మీద మన మత్స్యకారులు తరతరాలుగా కెరటాలు దాటారు. ఇప్పుడు చాలాచోట్ల ఫైబర్ తెప్పలు వచ్చాయి. ఒంటి నిలకడ, నీటిని చదివే కన్ను మాత్రం అవే.

దీనికి కండబలం పెద్దగా అక్కర్లేదు. నలభై దాటినవాళ్ళు, ఎప్పుడూ ఆటలాడనివాళ్ళు కూడా ప్రశాంతమైన నీటిలో అరగంటలో నిలబడగలరు. గుండె జబ్బు, మూర్ఛ, తరచూ కళ్ళు తిరగడం ఉన్నవాళ్ళు, గర్భిణులు ముందు డాక్టరును అడగండి. ఈత రానివాళ్ళ సంగతి కిందకు వచ్చాక చెబుతాను.

మన తీరంలో పొద్దు ఎటు వాలుతుంది?

ఫోటోల్లో చూసే సాయంత్రపు ప్రయాణాలు చాలావరకు గోవాలాంటి పడమటి తీరాలవి. అక్కడ సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు. మనది తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు, సాయంత్రం నేల మీద, కొండల వెనక్కి దిగుతాడు. ఈ ఒక్క తేడా మీ ప్రణాళిక మొత్తాన్ని మారుస్తుంది.

మొదటిది: మన దగ్గర పొద్దు వాలడం చూడాలంటే బోర్డును ఒడ్డు వైపు తిప్పాలి. అంటే అందం, ఇల్లు రెండూ ఒకే దిక్కున ఉంటాయి. సూర్యుడి వెంట పడుతూ లోపలికి వెళ్ళిపోయే ప్రమాదం లేదు. ఇది మన తీరం మనకిచ్చిన వరం.

రెండోది: కొండలు అడ్డుగా ఉంటాయి కాబట్టి, క్యాలెండరులో రాసిన సమయానికి కొన్ని నిమిషాల ముందే సూర్యుడు కనుమరుగవుతాడు. పైగా మన అక్షాంశాల్లో సంధ్య ఎక్కువసేపు ఉండదు. సూర్యుడు దిగిన ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో మసక చీకటి కమ్ముకుంటుంది.

మూడోది: పౌర్ణమి సాయంత్రం పడమట సూర్యుడు దిగుతుంటే, దాదాపు అదే సమయానికి తూర్పున సముద్రంలోంచి చంద్రుడు పైకి వస్తాడు. పడమటి తీరంలో చంద్రుడు సముద్రం మీంచి రాడు. కాకపోతే పౌర్ణమికి, అమావాస్యకు ఆటుపోట్ల తేడా ఎక్కువ. ఆ రోజుల్లో గైడు చెప్పే మాటకు రెట్టింపు విలువ ఇవ్వండి. మాఘ పౌర్ణమికి పూడిమడక, రేవుపోలవరం తీరాల్లో సముద్ర స్నానాలకు జనం పోటెత్తుతారు కాబట్టి బోర్డు వేసుకుని వెళ్ళడానికి అది తగిన రోజు కాదు.

ఇదంతా కలిపితే వచ్చే సూత్రం ఒకటే: సాయంత్రపు ప్రయాణంలో ముందు తేల్చాల్సింది తిరిగి ఒడ్డుకు చేరే సమయం. మిగతావన్నీ దాన్నిబట్టే.

తొమ్మిది మెట్లు

1. రోజును ఎంచుకోండి

కొత్తవాళ్ళకు మంచి కాలం జనవరి నుంచి మార్చి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలతో సముద్రం కసిగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా తాకిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ, గాలి రెండూ పెరుగుతాయి.

బయల్దేరే ముందు రోజు రాత్రి ఒకసారి, ఆ ఉదయం మరోసారి వాతావరణం చూడండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర స్థితి, అలల ఎత్తు, ఎత్తైన అలల హెచ్చరికలు రోజూ ఇస్తుంది. విశాఖలోని తుఫాను హెచ్చరికల కేంద్రం బులెటిన్లు టీవీలో, పేపర్లో వస్తూనే ఉంటాయి. కొత్తవాళ్ళకు హద్దులు ఇవి: అలలు అర మీటరు దాటితే వద్దు. గాలి గంటకు పదిహేను కిలోమీటర్లు దాటితే వద్దు. ఒడ్డున నిలబడి చూస్తే సముద్రమంతా తెల్లటి నురుగు తలలు కనిపిస్తే, ఏ యాప్ ఏం చెప్పినా వద్దు.

2. చోటును ఎంచుకోండి

అనకాపల్లి నుంచి జాతీయ రహదారి మీద విశాఖ చేరి, బీచ్ రోడ్డు పట్టుకుంటే రుషికొండ వస్తుంది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన తొలి ఎనిమిది భారతీయ బీచ్‌లలో అదొకటి. జలక్రీడలు నడిచే చోటు, లైఫ్‌గార్డులు తిరిగే చోటు, నలుగురు చూసే చోటు. మొదటి ప్రయాణానికి కావాల్సింది ఇదే.

"మరి మన పూడిమడకలోనే దిగితే?" అని అడుగుతారేమో. అది మత్స్యకారుల పని చోటు. పడవలు వచ్చిపోతుంటాయి, వలలు పరిచి ఉంటాయి. వల తేలడానికి కట్టిన బెండ్లు కనిపించిన చోట బోర్డు పోనివ్వకూడదు. వల చిక్కుకుంటే మీకు ప్రమాదం, వాళ్ళకు నష్టం. రాంబిల్లి దగ్గర నౌకాదళ స్థావరం పనులు జరుగుతున్నాయి, అటువైపు సొంతంగా వెళ్ళకండి. నది సముద్రంలో కలిసే మొగలు చూడటానికి నిమ్మళంగా కనిపిస్తాయి. ఆటు సమయంలో ఆ నీరంతా ఒక్కసారిగా సముద్రంలోకి లాగుతుంది. గైడు లేకుండా మొగ దగ్గర బోర్డు దించకండి.

నీటికి అలవాటు పడటానికి దగ్గర్లోనే ఇంకో దారి ఉంది: కొండకర్ల ఆవ. అచ్యుతాపురం దగ్గరి ఈ మంచినీటి సరస్సులో తాటి దోనెలు జతగా కట్టి జనాన్ని తిప్పుతారు. ఒక సాయంత్రం వెళ్ళి ఆ దోనెలో కూర్చోండి. మీరు ఒక పక్కకు ఒరిగితే అది ఎలా ఊగుతుందో, నడిపే మనిషి గడకర్రను ఎంత నెమ్మదిగా వాడతాడో చూడండి. ఒంటి బరువు నీటి మీద ఎలా పనిచేస్తుందో అక్కడే అర్థమవుతుంది. పక్షులున్న చోటు కాబట్టి గోల చేయకండి.

3. గైడును ప్రశ్నలు అడగండి

మన రాష్ట్రం నీటి మీద చాలా పోగొట్టుకుంది. 2017 నవంబరులో కృష్ణా పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరులో గోదావరి కచ్చులూరు దగ్గర పడవలు మునిగినప్పుడు మనందరం ఒకటే అడిగాం: లైఫ్ జాకెట్లు ఉన్నాయా? అనుమతి ఉందా? ఆ ప్రశ్నలు పడవ మునిగాక కాదు, డబ్బు కట్టేముందు అడగాలి. ఫోన్‌లోనే అడగండి:

- ఈ ప్రయాణానికి మీకు అనుమతి ఉందా? కాగితం చూపిస్తారా?
- గైడుకు శిక్షణ ఎక్కడ? (గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ ఇలాంటి శిక్షణ ఇస్తుంది.)
- ఒక గైడుకు ఎంతమంది? (కొత్తవాళ్ళయితే నలుగురు మించకూడదు.)
- లైఫ్ జాకెట్ నా కొలతకు ఉందా? బోర్డుకు కాలి తాడు ఉంటుందా?
- ఎన్ని గంటలకు తిరిగి ఒడ్డుకు తెస్తారు?
- గాలి మారితే రద్దు చేస్తారా? డబ్బు తిరిగి ఇస్తారా, వేరే రోజు ఇస్తారా?

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. రద్దయితే డబ్బు పోతుందనుకుంటే మీరూ తొందరపడతారు, వాళ్ళూ తొందరపెడతారు. "ఇయ్యాల నీరు బాగోనేదు బాబూ, రేపు రండి" అనగలిగిన గైడు దొరికితే, ఆ మనిషి ఫోన్ నంబరు దాచుకోండి.

4. గడియారాన్ని వెనక నుంచి లెక్కించండి

నవంబరు చివర్లో విశాఖలో సూర్యాస్తమయం సాయంత్రం 5:20 ప్రాంతంలో. జూన్ చివర్లో 6:35 ప్రాంతంలో. సంక్రాంతి రోజుల్లో దాదాపు 5:45. ఆ సంక్రాంతి సెలవుల్లోనే వెళ్తున్నారనుకుందాం. వెనక నుంచి లెక్క ఇలా ఉంటుంది:

- 6:00: బోర్డు ఇసుక మీద ఉండాలి.
- 5:30 నుంచి 5:45: ఒడ్డుకు దగ్గరగా, నడుము లోతు నీటికి కాస్త అవతల కూర్చుని పొద్దు చూడటం.
- 5:10: బోర్డు ఒడ్డు వైపు తిరగాలి.
- 4:25: నీటిలోకి దిగడం.
- 4:00: ఇసుక మీద పాఠం.
- 3:45: రుషికొండ చేరడం.
- 2:00: అనకాపల్లిలో బయల్దేరడం. గాజువాక, ఎన్ఏడీ కూడలి రద్దీని తక్కువ అంచనా వేయకండి.

నాలుగున్నర దాటి చేరుకున్నారా? ఆ రోజు బోర్డు వద్దు. ఒడ్డున కూర్చుని పొద్దు చూడండి, మరో రోజు రండి. ఆలస్యమైన ప్రయాణాన్ని నీటి మీద తొందరపడి సరిచేయలేం.

5. ఒంటి మీద ఏముండాలి? ఏముండకూడదు?

పొడి త్వరగా అయ్యే పొడవు చేతుల టీషర్టు, మోకాళ్ళ దాకా షార్ట్స్ లేదా లెగ్గింగ్స్. ఆడవాళ్ళకైనా ఇదే. చున్నీ, చీర, వదులు పైజమా కాళ్ళకు చుట్టుకుంటాయి. మన సముద్రం నీళ్ళు వెచ్చనివే, వేరే దుస్తులు అక్కర్లేదు. కళ్ళజోడుకు తాడు కట్టుకోండి. ఉంగరాలు, గాజులు ఇంట్లో పెట్టేయండి. తీయకూడదనుకునే మంగళసూత్రాన్ని టీషర్టు లోపల పిన్నుతో బిగించండి. ఫోను నీరు చొరని సంచిలో పెట్టి మెడలో వేసుకోండి. మసకలో కనిపించేలా ముదురు రంగు కాకుండా నారింజ, పసుపు వేసుకుంటే గైడు మిమ్మల్ని సులువుగా గుర్తుపడతారు.

తినడం మాటకొస్తే, రెండు గంటల ముందు తేలికగా తినండి. బిర్యానీ తర్వాత బోర్డు వద్దు. మందు తాగితే ఆ రోజు నీళ్ళ దగ్గరికే వద్దు, ఇందులో బేరం లేదు.

6. ఇసుక మీద నేర్చుకోండి

బోర్డును ఇసుక మీద పెట్టి పది నిమిషాలు సాధన చేయండి. అడుగున ఉండే రెక్క విరగకుండా దాని కింద గుంట తీయండి. తెడ్డు పొడవు మీ ఎత్తు కంటే ఒక జానెడు ఎక్కువ ఉండాలి. కర్ర, రెక్క కలిసే చోట చిన్న వంపు ఉంటుంది. ఆ వంపు ముందుకు, బోర్డు ముక్కు వైపుకు ఉండాలి. కొత్తవాళ్ళలో చాలామంది దాన్ని తిరగేసి పట్టుకుంటారు.

బోర్డు నడుమ ఒక పిడి ఉంటుంది. మీ రెండు పాదాలూ దానికి అటూ ఇటూ, భుజాల వెడల్పు దూరంలో, వేళ్ళు ముందుకు చూస్తూ ఉండాలి. మోకాళ్ళు కొద్దిగా వంచండి. మోకాళ్ళ మీద నుంచి ఒక్కో పాదం పెట్టి లేవడం ఇక్కడే అలవాటు చేసుకోండి.

సైగలు కూడా ఇక్కడే మాట్లాడుకోండి. తెడ్డు నిటారుగా ఎత్తితే ఏమిటి? అటూ ఇటూ ఊపితే ఏమిటి? మీ గైడు చెప్పిన సైగలను పైకి అని చూపించండి.

7. నీళ్ళలో మొదటి పది నిమిషాలు

కాలి తాడు కట్టుకున్నారా? జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టారా? భుజాల దగ్గర పట్టి పైకి లాగితే జాకెట్ చెవుల దాకా వస్తే అది వదులుగా ఉన్నట్టు, మళ్ళీ బిగించండి.

నడుము లోతు దాకా బోర్డును పక్కన ఉంచుకుని నడవండి. అలకూ మీకూ మధ్యలో బోర్డు ఉంచకండి, అల వచ్చి దాన్ని మీ మీదకు తోసేస్తుంది. తర్వాత మోకాళ్ళ మీద ఎక్కి నాలుగైదు తోపులు ఒక పక్క, నాలుగైదు మరో పక్క వేయండి. అలలు దాటాకే నిలబడండి.

నిలబడ్డాక ఎటు చూడాలి? పాదాల వైపు చూడకండి. సైకిలు నేర్చుకున్న రోజుల్లో ముందు చక్రం చూసినప్పుడల్లా పడిపోయేవాళ్ళం, దూరంగా రోడ్డు చూస్తే సాగిపోయేవాళ్ళం. ఇక్కడా అంతే. దూరంగా కొండ మీద ఒక చెట్టునో, ఒక భవనాన్నో చూడండి. భుజాలు బిగిశాయా? ఒక నిట్టూర్పు వదలండి. కాళ్ళు వణుకుతున్నాయా? మొదటి ఐదు నిమిషాలు అందరికీ వణుకుతాయి. తెడ్డు నీటిలో ఉన్నంతసేపు నిలకడ దొరుకుతుంది, కాబట్టి ఆగకుండా నెమ్మదిగా తోస్తూనే ఉండండి.

8. పడటం నేర్చుకోండి

అవును, కావాలనే పడండి. గైడు పక్కన ఉండగా, లోతు ఎంతో అడిగి తెలుసుకుని, ఒకసారి పడి చూస్తే మిగతా సాయంత్రమంతా భయం ఉండదు. పడేటప్పుడు బోర్డుకు దూరంగా, పక్కకు, ఒళ్ళంతా పరచుకున్నట్టు పడండి. తలకిందులుగా దూకకండి. కాళ్ళు నిటారుగా కిందికి దించకండి, అడుగు ఎంత లోతో తెలియదు.

తిరిగి ఎక్కడం ఇలా: బోర్డు పక్కకు, నడిమి పిడి దగ్గరికి వెళ్ళండి. ఒక చేత్తో పిడి పట్టుకోండి. కాళ్ళు వెనక నీటి పైకి తేలేదాకా తన్నండి. పొట్ట మీద జారుతూ బోర్డు మీదకు లాగండి. తర్వాత మోకాళ్ళు, తర్వాత తెడ్డు. ముందు మనిషి, తర్వాతే తెడ్డు. తెడ్డు కొట్టుకుపోతే గైడు తెచ్చిస్తారు.

ఇక్కడ ఒక్క నియమం గుండెల్లో రాసుకోండి: ఏం జరిగినా బోర్డును వదలకండి. సముద్రంలో మిమ్మల్ని తేల్చే అన్నిటికంటే పెద్ద వస్తువు అదే. ఒడ్డు దగ్గరే ఉందనిపించినా, ఈత బాగా వచ్చినా, బోర్డును వదిలి ఈదుకుంటూ రావద్దు.

9. గాలిని గమనిస్తూ ఉండండి

మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మన తీరంలో గాలి సాధారణంగా సముద్రం మీంచి ఒడ్డుకు వీస్తుంది. నీరు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది గానీ, ఆ గాలి మిమ్మల్ని ఇంటి వైపే తోస్తుంది. రాత్రి నేల చల్లబడ్డాక గాలి తిరిగి ఒడ్డు మీంచి సముద్రంలోకి మళ్ళుతుంది. చీకటి పడేలోపు రమ్మనడానికి ఇదీ ఒక కారణం.

పరీక్ష సులువు. సముద్రం వైపు తిరిగి నిలబడండి. గాలి మీ ముఖానికి తగిలితే సరే. వీపుకు తగిలితే ఆ గాలి మిమ్మల్ని లోపలికి తోస్తుంది. నీరు ఎంత నున్నగా కనిపించినా ఆ రోజు వద్దు.

మధ్యలో గాలి పెరిగితే నిలబడి పోరాడకండి. మోకాళ్ళ మీదకు దిగండి. ఇంకా పెరిగితే పొట్ట మీద పడుకుని చేతులతో తోయండి. ప్రవాహం లోపలికి లాగుతుంటే దానికి ఎదురు వెళ్ళకుండా, ఒడ్డుకు సమాంతరంగా కొంతదూరం పక్కకు వెళ్ళి, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు తిరగండి.

ఎక్కువగా జరిగే తప్పులు

1. ఫోటో కోసం ఆగిపోవడం. తెడ్డు పక్కన పెట్టి ఫోన్ తీసిన నిమిషంలోనే చాలామంది పడతారు. కూర్చుని తీసుకోండి, లేదా గైడును తీయమనండి.

2. "ఇంకొంచెం దూరం" అనడం. లోపలికి వెళ్ళేటప్పుడు ఒంట్లో ఓపిక ఉంటుంది, వచ్చేటప్పుడు ఉండదు. ఓపికలో మూడో వంతు అయిపోగానే తిరగండి.

3. జాకెట్ బోర్డు మీద పెట్టుకోవడం. ఉక్కపోతగా ఉందని విప్పి ముందు కట్టుకుంటారు. పడ్డాక నీటిలో దాన్ని తొడుక్కోవడం ఎంత కష్టమో ఊహించండి.

4. ఒడ్డున ఉన్నవాళ్ళకు చెప్పకపోవడం. ఎన్ని గంటలకు దిగుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఒకరికి చెప్పండి. ఆ సమయం దాటితే వాళ్ళు ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పండి. తీర రక్షక దళానికి 1554, ఏ అత్యవసరానికైనా 112, అంబులెన్సుకు 108.

5. గైడు కంటే ముందు వెళ్ళడం. రోజూ జిమ్‌కు వెళ్ళే యువకులు ఎక్కువగా చేసే పని ఇది. కండలు బోర్డును తోస్తాయి, నీటిని చదవలేవు.

మీకే ఎదురైతే?

*పరవాడ ఫార్మా సిటీలో రాత్రి షిఫ్టు దిగి, నిద్ర లేకుండా నేరుగా బీచ్‌కు వచ్చారు.* స్నేహితులంతా సిద్ధం. మీకు తల భారంగా ఉంది. ఏం చేస్తారు? "నేను ఒడ్డున ఉంటాను, మీరు తిరిగొచ్చే టైము నేను చూస్తాను" అనండి. ఒడ్డున గడియారం చూసే మనిషి కూడా ఈ ప్రయాణంలో భాగమే. మీ వంతు వచ్చే వారం.

*మీ భార్యకు బోర్డు ఎక్కాలని ఉంది, మీ అత్తగారు వద్దంటున్నారు.* వాదించకండి. అత్తగారిని బీచ్‌కు తీసుకెళ్ళండి. జాకెట్ ఆవిడ చేతికిచ్చి బిగింపు చూడమనండి. గైడు చేతే "అమ్మా, నడుము లోతు దాటి తీసుకెళ్ళను" అని చెప్పించండి. తెలియని దాని మీదే భయం ఎక్కువ. కళ్ళారా చూశాక సగం తగ్గుతుంది.

*మీకు ఈత రాదు.* అయితే అలలు దాటి వెళ్ళకండి. జాకెట్ వేసుకుని, గైడు బోర్డు పట్టుకుని ఉండగా, నడుము లోతులోనే మోకాళ్ళ మీద నడపండి. మన తీరంలో పొద్దు ఒడ్డు వైపే వాలుతుంది కాబట్టి, అక్కడి నుంచి కూడా మీకు అదే ఆకాశం కనిపిస్తుంది. ఈత నేర్చుకున్నాక అవతలికి వెళ్ళవచ్చు.

*అంతా సిద్ధమయ్యాక గైడు రద్దు చేశారు.* పిల్లలు ముఖాలు వేలాడేశారు. ఇంత దూరం వచ్చాం కదా, ఒక్కసారి దిగుదాం అనిపిస్తుంది. అప్పుడు పిల్లలకు గాలిని చూపించండి, నురుగు తలలు చూపించండి, ఎందుకు వద్దన్నారో వాళ్ళ చేతే చెప్పించండి. నీటికి మర్యాద ఇవ్వడం వాళ్ళు ఆ రోజే నేర్చుకుంటారు. ఆ పాఠం వాళ్ళకు జీవితాంతం పనికొస్తుంది.

ఈ వారం మీరు చేయాల్సినవి

చదివి పక్కన పెట్టేస్తే ఈ అధ్యాయం వృథా. ఒక కాగితం తీసుకోండి.

1. వచ్చే రెండు నెలల్లో ఒక తేదీ రాయండి. దాని పక్కన ఆ రోజు సూర్యాస్తమయ సమయం రాయండి. పంచాంగంలో దొరుకుతుంది.

2. ఆ సమయం నుంచి వెనక్కి లెక్కించి, అనకాపల్లిలో బయల్దేరే సమయం దాకా రాయండి.

3. మూడో మెట్టులోని ప్రశ్నలతో కనీసం రెండు చోట్ల ఫోన్ చేయండి. జవాబులు పక్కపక్కన రాసి చూడండి. విసుక్కున్న వాళ్ళ పేరు కొట్టేయండి.

4. ఒక ఆదివారం కొండకర్ల ఆవలో దోనె ఎక్కి రండి.

5. రోజూ పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద ఒక్కో నిమిషం నిలబడండి. పడిపోకుండా గోడ దగ్గర నిలబడండి. ఇది నవ్వులాటగా అనిపించినా, బోర్డు మీద మీ చీలమండలకు పని తెలుస్తుంది.

6. ఈత రాకపోతే, దగ్గర్లోని ఈత కొలనులో శిక్షణకు పేరు రాయించుకోండి. ఈ జాబితాలో అన్నిటికంటే విలువైన పని ఇదే.

తీరం మనది. తరాలుగా దాని మీద బతికిన మనుషులు మన పక్క ఊళ్ళలోనే ఉన్నారు. దాని గాలి, దాని ఆటుపోట్లు, అది వద్దన్న రోజులు మనకూ తెలిసి ఉండాలి. ఒక్క సాయంత్రం సరిగ్గా ప్రణాళిక వేసి, సరైన మనిషి వెంట వెళ్ళి, అనుకున్న సమయానికి ఒడ్డు చేరితే, రెండోసారి వెళ్ళేటప్పుడు ప్రశ్నలు అడగడం మీకు అలవాటైపోయి ఉంటుంది. కాగితం మీద తేదీ రాశారా? రాసేయండి, తర్వాత మొదటి ఫోన్ చేయండి.